ఆవిడ హస్తవాసి, నా సంతకం

మా ఆఫీసులో ఏ కంప్యూటరైనా ఒకే ఒక్కావిడ చేతి మీదుగా తెరుచుకోవాలి. ఇది కంప్యూటర్లు అమ్మినవాళ్ళు పెట్టిన నియమం కాదు. మా ఓనరుగారు పెట్టింది.

విజయవాడ వన్ టౌన్‌లో మాది మందుల హోల్‌సేల్. కింద గోడౌను, పైన ఆఫీసు, మధ్యలో ఒకరు ఎక్కుతుంటే ఇంకొకరు గోడకి అతుక్కుని నిలబడాల్సిన మెట్లు. కంపెనీల నుంచి మందులు మాకొచ్చేవి, మా దగ్గర్నుంచి జిల్లాలో ఊరూరా ఉన్న మందుల షాపులకి వెళ్ళేవి. నేను రూటు మనిషిని. అంటే తెల్లవారుతూనే బ్యాగు భుజాన వేసుకుని బస్సెక్కి, పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, అవనిగడ్డ వరుసన షాపులన్నీ తిరిగి ఆర్డర్లు రాసుకొచ్చే ఉద్యోగం. ఆర్డర్లతో పాటు కబుర్లు కూడా మోసేవాణ్ణి. ఈ షాపులో పుట్టిన కబురు ఆ షాపుకి చేరేసరికి దానికి నేను కాళ్ళూ చేతులూ, ఒక్కోసారి తోకా పెట్టేవాణ్ణి. ఒకసారి గాలివానకి అవనిగడ్డలో నా బ్యాగు ఎగిరిపోయి, పామర్రు బస్టాండులో నాకంటే ముందు దిగి బెంచీ మీద కూర్చుని ఉందని చెప్పాను. ఆ కథ రెండేళ్ళు నడిచింది. అబద్ధమాడాలంటే కనీసం ఒక బస్టాండన్నా నిజమైంది ఉండాలి, జనం దాని మీద కూర్చుంటారు.

హస్తవాసి సంగతికి వస్తాను. తొంభైల చివర మా ఆఫీసుకి మొదటి కంప్యూటరు వచ్చింది. ఓనరుగారు కొబ్బరికాయ కొట్టి, తెరకి మూడు చోట్ల బొట్లు పెట్టారు. కంపెనీ నుంచి వచ్చిన ఇద్దరు ఇంజనీర్లు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా దాని చుట్టూ తిరిగినా తెర మీద వెలుగు రాలేదు. అదే వేళకి ఉద్యోగం కోసం ఒకమ్మాయి వచ్చి బల్ల పక్కన నిలబడింది. పామర్రు దగ్గర పల్లెటూరు. నాన్నగారు చర్చి స్కూల్లో టీచరుగా చేస్తూ పోయారు. ఇంట్లో తల్లి, నర్సింగు చదవబోతున్న చెల్లెలు. కంప్యూటరు కోర్సు పూర్తి చేసి వచ్చింది. ఆవిడ ముందుకి వంగి వెనకవైపు ఏదో నొక్కింది, బొట్లు పెట్టిన తెర భళ్ళున వెలిగింది. నేను రూటులో చెప్పింది మాత్రం, ఆవిడ చెయ్యి పడగానే మా సందులో కరెంటు పోయిన ఇళ్ళలో కూడా దీపాలు వెలిగాయని. అసలు జరిగింది ఏమిటంటే ప్లగ్గు వదులుగా ఉంది.

ఓనరుగారు మాత్రం ప్లగ్గు మాట నమ్మలేదు. నలభై ఏళ్ళుగా మందుల వ్యాపారంలో ఉన్న మనిషి. ఒకే మాత్ర ఒక డాక్టరు రాస్తే తగ్గి, ఇంకో డాక్టరు రాస్తే తగ్గకపోవటం చూసినవాడు. "హస్తవాసి అంటే ఇదీ" అని అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చేశారు. మర్నాటి నుంచి మిషను ఆవిడే తెరవాలన్నారు.

ఒక మిషను ఐదయ్యాయి. ఒకదానికొకటి వైర్లు కలిపారు. అయినా ఆచారం మారలేదు. పొద్దున తొమ్మిదింటికి ఆవిడ వచ్చి, ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని, వరసగా ఐదు మిషన్లూ ఆన్ చేసేది. ఒక్కోదాంట్లో బిల్లింగు ప్యాకేజీ తెరిచి తన పేరు, తన పాస్‌వర్డు కొట్టేది. ఆ తరవాతే ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చునేవాళ్ళం. రాత్రి ఎనిమిదింటి దాకా ఎవరూ మూసేవాళ్ళు కాదు. చెల్లెలి నిశ్చితార్థం రోజున కూడా ఆవిడ పట్టుచీరతో ఆటోలో వచ్చి, మిషన్లు తెరిచి, అదే ఆటోలో చర్చికి వెళ్ళింది. ఒకసారి మలేరియా జ్వరం వస్తే ఓనరుగారు ఆటో పంపించారు. శాలువా కప్పుకుని వచ్చి, ఐదూ తెరిచి, మా గోడౌనులోనే రెండు జ్వరం బిళ్ళలు పుచ్చుకుని వెళ్ళింది. ఇందులో నేను కల్పించింది ఏమీ లేదు.

ఆ ప్యాకేజీలో ఎవరు పని చేస్తే వాళ్ళ పేరు బిల్లు అడుగున పడేది. కాబట్టి మా ఆఫీసు నుంచి వెళ్ళే ప్రతి బిల్లు మీదా ఆవిడ పేరే. కూచిపూడిలో ఒక షాపాయన రెండు బిల్లులు పక్కపక్కన పెట్టి చూపించాడు. రెండిటి మీదా ఒకే నిమిషం, ఒకే పేరు.

"ఎవరండీ ఈవిడ, ఒకేసారి రెండు బిల్లులు కొడుతోంది?"

రెండు కాదు ఐదు కొడుతుంది, ఆవిడకి పది చేతులు, మిగతా ఊళ్ళకి వెళ్ళిన బిల్లులు మీరు చూడలేదన్నాను. ఆ ఊళ్ళో నుంచుంటే నా పాదాలు వాటంతటవే తాళం వేస్తాయని, అందుకే అక్కడ ఎప్పుడూ కూర్చునే ఆర్డరు రాసుకుంటానని అంతకు ముందే చెప్పి ఉన్నాను కనక, ఆయన దీన్ని కూడా దాని పక్కనే పెట్టుకున్నాడు.

మా ఆఫీసు మొత్తం మీద ఎవర్నీ నమ్మని చోటు ఒక్కటే ఉండేది. అది కోల్డ్ రూమ్. ఇన్సులిన్లు, టీకా మందులు చల్లగా ఉంచే గది. దానికి బాధ్యుడు మా ఫార్మసిస్టు. వన్ టౌన్‌లోనే పుట్టి పెరిగిన ముస్లిం కుటుంబం, అందరం భాయ్ అనేవాళ్ళం. గది తలుపు పక్కన మేకుకి దారంతో కట్టిన రిజిస్టరు ఉండేది. లోపలికి వెళ్ళాలన్నా, ఐసు డబ్బా తీసుకోవాలన్నా, ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వాలన్నా అందులో రాయాల్సిందే. టైము మాత్రం భాయ్ గోడ గడియారం చూసి తన చేత్తో రాసేవాడు. పక్కన మనం సంతకం పెట్టాలి. పది నిమిషాల కింద వచ్చి వెళ్ళినవాడు మళ్ళీ వచ్చినా మళ్ళీ రాయాలి. నేనొకసారి సరదాకి జిల్లా కలెక్టరని సంతకం పెట్టాను. కొట్టేయించి, నా పేరుతో పెట్టేదాకా డబ్బా ఇవ్వలేదు.

ఒక రోజు ఓనరుగారే తమ చెల్లెలికి ఇన్సులిన్ తీసుకోవటానికి కిందికి దిగారు. భాయ్ రిజిస్టరు ముందుకి జరిపాడు.

"నేనెవరో తెలీదటయ్యా నీకు?"

"నాకు తెలుసండీ. ఈ పుస్తకానికి తెలియాలి గదా."

ఓనరుగారు సంతకం పెట్టారు. పెట్టి, మందుల ఇన్‌స్పెక్టరు గారి కంటే వీడే నయం అని గొణుక్కుంటూ మెట్లెక్కారు. నయం అన్నది మెచ్చుకోలో కాదో మాకు తెలియలేదు.

భాయ్ సాయంత్రాలు వెళ్ళి కంప్యూటరు కోర్సు కూడా చేశాడు. ఐదు మిషన్లకీ వైర్లు లాగింది అతనే. లాగిన రోజు నుంచీ ఓనరుగారికి ఒకటే చెప్పేవాడు. ఎవరి పేరు వాళ్ళకి, ఎవరి పాస్‌వర్డు వాళ్ళకి ఇవ్వాలి. ఆర్డర్లు కొట్టేవాడికి ఆర్డర్ల దాకానే దారి ఉండాలి, షాపుల పట్టిక మార్చే తాళం వాడికి అక్కర్లేదు. టీకి లేచి వెళ్ళినవాడు తిరిగొస్తే మిషను వాణ్ణి మళ్ళీ నువ్వెవరని అడగాలి. షట్టరు లోపల ఉన్నంత మాత్రాన మనిషిని వదిలెయ్యకూడదు.

ఓనరుగారికి ఇది అవమానంగా తోచింది. తన సొంత మిషనుకి తాను రోజూ పరిచయం చేసుకోవటం ఏమిటన్నారు.

"మనోళ్ళని మనమే అనుమానిస్తే ఎట్లాగయ్యా?"

"అనుమానించటం కాదండీ, అడగటం. డాక్టరు చీటీ చూడకుండా మందు ఇవ్వొద్దని షాపులవాళ్ళకి మీరే గదా చెప్తారు. తెలిసిన మొహమే అయినా చీటీ చూడమంటారు. పాత చీటీ పనికిరాదంటారు."

"అది మందు. ఇది మిషను."

అంతటితో అయిపోయింది. అప్పుడు నేను ఓనరుగారి పక్షమే. మన ఆఫీసులో మనకి తాళాలేమిటని పెద్ద గొంతుతో అన్నాను కూడా. కారణం సిద్ధాంతం కాదు. ఏం చేసినా నా పేరు పడని చోట పని చేయటం ఎంత హాయిగా ఉంటుందో అనుభవించినవాడికి తెలుస్తుంది.

నా పేరు పడే కాగితం ఒకటి లేకపోలేదు. టూరు డైరీ. ఏ షాపులో ఎన్నింటికి ఉన్నానో రాసి, కింద సంతకం పెట్టి వారానికోసారి ఓనరుగారికి ఇవ్వాలి. నేను మొదటి బస్సుకి వెళ్ళి, మధ్యాహ్నానికల్లా ముగించుకుని ఆఫీసుకి వచ్చేసేవాణ్ణి. ఆ వేళకి ఓనరుగారు ఇంట్లో భోంచేసి ఓ కునుకు తీస్తుండేవారు. డైరీలో మాత్రం సాయంత్రం ఐదింటి దాకా నేను చల్లపల్లిలోనో మొవ్వలోనో ఎండలో మాడుతూ ఉండేవాణ్ణి. నా రచనల్లో ఓనరుగారు ఒక్క అక్షరం కూడా శంకించకుండా చదివినవి ఆ డైరీలే.

రెండువేల సంవత్సరం దాటాక, ఒక ఎండాకాలంలో ఒక మంగళవారం. కూచిపూడి దాటాక ఒక షాపాయన ఫ్రిజ్జు కొన్నానండీ, ఇకనుంచి నాకూ చల్లమందులు పంపించండి అన్నాడు. మా పద్ధతి ప్రకారం ఫ్రిజ్జున్న షాపులకే చల్లమందులు పంపాలి. మిషనులో ఆ షాపు పేరు పక్కన కోల్డ్ అని గుర్తు ఉంటేనే సరుకు వెళుతుంది. ఆ గుర్తు పెట్టటానికి ముందు ఎవరో ఒకరు వెళ్ళి ఫ్రిజ్జు కళ్ళతో చూడాలి. ఆ ఎవరో ఒకరు ఆ రోజు నేనే. షాపు గుమ్మంలో నుంచున్నాను, లోపలికి నాలుగడుగులు. వెయ్యలేదు. ఆయన చెప్పాడు, నేను నమ్మాను. నా మాట ఎవరూ నమ్మకపోయినా ఇతరుల మాట నేను చప్పున నమ్ముతాను. ఫ్రిజ్జు కొనటమంటే ఆయన లెక్కలో షోరూముకి వెళ్ళి చూసి రావటమని తరవాత తెలిసింది.

మధ్యాహ్నం ఆఫీసుకి వచ్చి, కింద భాయ్‌కి ఒక షాపు నుంచి తెచ్చిన ఖాళీ ఐసు డబ్బా ఇచ్చి, రిజిస్టరులో సంతకం పెట్టి పైకెక్కాను. అందరూ భోజనాల దగ్గర ఉన్నారు. మెట్ల పక్కన ఉన్న మూడో మిషను ఎప్పటిలా ఆవిడ పేరు మీద తెరిచి ఉంది. షాపుల పట్టికలోకి వెళ్ళి కోల్డ్ గుర్తు పెట్టాను. మిషను ఇంగ్లీషులో ఏదో అడిగింది. అది ఏది అడిగినా అవునని వై కొట్టటం నాకలవాటు. కొట్టి, టీకి వెళ్ళాను. అది అడిగింది, ఈ మార్పు మొత్తం రూటుకి చెయ్యాలా అని.

మరుసటి వారం బుధవారం కొత్త ఇన్సులిన్ సరుకు వచ్చింది. కోల్డ్ గుర్తున్న ప్రతి షాపుకీ మిషను తనంతట తనే కొంత కేటాయించింది. భాయ్ ఆ పట్టిక చూసి ఐసు డబ్బాలు సర్దాడు, వ్యాను బయల్దేరింది. పామర్రు రూటులో ఫ్రిజ్జు లేని ఓ డజను షాపుల్లో ఇన్సులిన్ దిగింది. ఒకాయన దాన్ని మంచినీళ్ళ కుండ పక్కన పెట్టాడు. ఇంకొకాయన ఎదురుగా సోడా బండివాడి ఐసు పెట్టెలో పెట్టించాడు. మరొకాయన ఇంటికి తీసుకెళ్ళి చేపల పులుసు గిన్నె కింద భద్రం చేశాడు. పామర్రులో ఒకాయనకి మాత్రం ఇదేదో తేడాగా ఉందనిపించి, నాకు ఫ్రిజ్జు లేదు గదండీ, నాకెందుకు పంపారని మర్నాడు పొద్దున్నే ఫోను చేశాడు.

అది గురువారం. నేను అవనిగడ్డ వైపు రెండు రోజుల టూరులో ఉన్నాను. భాయ్ వ్యాను తీసుకుని షాపు షాపుకీ తిరిగి, ప్రతి సీసా లెక్క చూసుకుని వెనక్కి తెచ్చాడు. ఒక్కటి కూడా జనం చేతిలోకి వెళ్ళలేదు. తెచ్చినవన్నీ పనికిరావని రాసి పక్కన పెట్టేశాడు. కంపెనీకి సంగతి తెలిసింది. ఇది ఎట్లా జరిగింది, ఎవరు చేశారు, వాళ్ళ మీద ఏం చర్య తీసుకున్నారు, సోమవారానికి రాసి ఇవ్వమన్నారు. భాయ్ మిషనులోంచి చిట్టా తీసి ప్రింటు ఇచ్చాడు. నేను గుర్తు పెట్టిన ఆ మంగళవారం తారీఖు, రెండూ నలభై, మూడో మిషను, ఆవిడ పేరు.

ఓనరుగారు ఆవిణ్ణి పిలిచారు. ఆ మాటలు గోడౌనులో అందరూ విన్నారు. శుక్రవారం సాయంత్రం నేను టూరు నుంచి దిగేసరికి నాకు అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పారు.

"నేను చెయ్యలేదండీ" అందట.

"నీ పేరే ఉంది గదమ్మా."

"ప్రతిదాని మీదా నా పేరే ఉందండీ. మీరు కొట్టిన బిల్లు మీద కూడా."

కాని కంపెనీకి రాసే కాగితంలో ఒక పేరు ఉండాలి, మిషను ఇచ్చిన పేరు ఒక్కటే. సోమవారం నుంచి రావద్దమ్మా అన్నారట. అని, శనివారం మాత్రం వచ్చి మిషన్లు తెరిచి పొమ్మన్నారట.

మందుల వ్యాపారం చిన్న ఊరు లాంటిది. మందులు పాడు చేసిందని కంపెనీకి కాగితం వెళితే, విజయవాడలో ఏ హోల్‌సేలూ, ఏ ఆస్పత్రీ ఆవిణ్ణి గుమ్మం ఎక్కనివ్వవు. చెల్లెలి నర్సింగు ఇంకా ఒక ఏడాది ఉంది. ఆ ఇంటికి వేరే ఆధారం లేదు.

చేసింది నేనేనని వినగానే తెలిసింది. అయినా ఆ సాయంత్రం నోరెత్తలేదు. ఇంటికెళ్ళి అన్నం తిన్నాను కూడా. మర్నాడు శనివారం, నాకు రూటు లేని రోజు, తొమ్మిదింటికి ఆవిడ వచ్చింది. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. రోజూ కంటే కొంచెం ఎక్కువసేపు. ఒకటి, రెండు తెరిచి, మెట్ల పక్కన మూడోదాని దగ్గరికి వచ్చింది. నేను అక్కడే నుంచున్నాను. పేరు కొట్టింది, పాస్‌వర్డు కొట్టింది, కుర్చీ వెనక్కి లాగి పెట్టింది.

"కూర్చోండి బ్రదర్" అంది.

కూర్చోలేదు. తిన్నగా ఓనరుగారి గదిలోకి వెళ్ళి, అది చేసింది నేనండీ అన్నాను. ఫ్రిజ్జు దగ్గర్నుంచి వై దాకా మొత్తం చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఆ అమ్మాయి మీద జాలితో చెప్తున్నావు. మంచిదే. కాని ఇది కథలు చెప్పే చోటు కాదు."

"కథ కాదండీ, నిజం."

"బ్యాగు ఎగిరినప్పుడు కూడా ఇదే మాట అన్నావు."

నేను అమ్మ మీద ఒట్టు వేశాను. పోయినేడు కూచిపూడిలో పాదాల గురించి కూడా అమ్మ మీదే ఒట్టు వేశానని గుర్తు చేశారు. మేం చూశాం, ఆయన ఆ మిషను దగ్గర కూర్చున్నాడు అని బిల్లులు కొట్టేవాళ్ళిద్దరు తలుపు దగ్గర్నుంచి అన్నారు. ఏ రోజు చూశారయ్యా అని అడిగితే చెప్పలేకపోయారు, నేను దాదాపు రోజూ మధ్యాహ్నమే వచ్చేవాణ్ణి కనక. అప్పుడు ఓనరుగారు సొరుగు తెరిచి నా టూరు డైరీ తీశారు. ఆ మంగళవారం పేజీ నా ముందు పెట్టి వేలు ఆనించారు. రెండింటి నుంచి మూడూ పదిహేను దాకా మొవ్వ. మూడున్నర నుంచి ఐదింటి దాకా చల్లపల్లి. అడుగున నా సంతకం, గుండ్రంగా, తీరిగ్గా.

"మొవ్వలో ఉన్నవాడివి ఇక్కడ మూడో మిషను మీద ఎట్లా కొట్టావోయ్? నీ చేతులు కూడా ఎగిరొచ్చాయా?"

నేను ఎన్నో అబద్ధాలాడాను, వాటివల్ల చిక్కుల్లో పడ్డాను, తప్పించుకున్నాను. కాని నా తప్పుని నేనే ఒప్పుకుంటుంటే నా అబద్ధమే వచ్చి నన్ను నిర్దోషిని చేయటం అదే మొదలు. డైరీ అంతా కట్టుకథండీ, ఏళ్ళుగా మధ్యాహ్నమే వచ్చేస్తున్నాను అన్నాను. అది కూడా ఆవిడ కోసమే చెప్తున్నావన్నారు. నీ మాట మీద నేను ఒక్క బిళ్ళ కూడా బయటికి పంపను, కంపెనీకి కాగితం ఎట్లా పంపమంటావు అన్నారు.

కిందికి దిగాను. భాయ్ కోల్డ్ రూమ్ ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మొహం వాడిపోయి ఉంది. పైన జరిగింది చెప్పాను. అతను నన్ను నమ్మాడో లేదో చెప్పలేదు.

"నాదీ తప్పుంది గురూ. డబ్బా పట్టుకెళ్ళే ప్రతివాణ్ణీ అడిగాను, పట్టికని అడగలేదు. ఒక్క రాత్రిలో డజను షాపులకి ఫ్రిజ్జులు ఎట్లా వచ్చాయని అనుకున్నాను. ఆవిడ పేరుంది గదా అని ఊరుకున్నాను."

తరవాత అతనే అడిగాడు, ఆ మంగళవారం ఖాళీ డబ్బా తిరిగిచ్చావా అని. ఇచ్చానన్నాను. ఎన్నింటికి అన్నాడు. నాకేం గుర్తు అన్నాను. నీకు గుర్తుండక్కర్లేదులే అని మేకుకున్న దారం విప్పాడు.

పేజీలు వెనక్కి తిప్పితే ఉంది. అదే తారీఖు. ఖాళీ ఐసు డబ్బా ఒకటి, పామర్రు రూటు, తిరిగి వచ్చింది. టైము భాయ్ చేతిరాతలో రెండూ ముప్ఫై రెండు. పక్కన నా సంతకం. డైరీలో ఉన్నంత తీరిగ్గా లేదు, నుంచుని పెట్టింది. అయినా నాదే.

రిజిస్టరు పట్టుకుని ఇద్దరం పైకెళ్ళాం. ఓనరుగారు డైరీని, రిజిస్టరుని పక్కపక్కన పెట్టుకున్నారు. రెండు సంతకాలు చూశారు. భాయ్ రాసిన టైము చూశారు. మిషను చిట్టాలో టైము చూశారు. ఎనిమిది నిమిషాలు. మెట్లెక్కటానికి, పైకొచ్చి నీళ్ళు తాగటానికి, కుర్చీలో కూర్చోవటానికి సరిగ్గా సరిపోతాయి. ఆ రిజిస్టరుని ఆయన కాదనలేరు, అందులో ఆయన సంతకాలు కూడా ఉన్నాయి.

డైరీ మూసి తలెత్తారు.

"అయితే బ్యాగు ఎగరటం కూడా అబద్ధమేనా?"

అది మాత్రం కొంత నిజమండీ అన్నాను. అనకుండా ఉండాల్సింది. తరవాత ఆయన అన్న మాటలు ఇక్కడ రాయను. మా అమ్మ కూడా ఈ కథ చదువుతుంది.

సోమవారం కంపెనీకి వెళ్ళిన కాగితంలో నా పేరుంది. భాయ్ పట్టుబట్టి ఇంకో పేరా రాయించాడు, మా ఆఫీసులో అందరం ఒకే పేరు మీద పని చేసేవాళ్ళమని, అది మాకు మేమే పెట్టుకున్న పద్ధతని, ఇకమీదట ఉండదని. ఆ పేరా కింద ఓనరుగారు పెన్ను పట్టుకుని కాసేపు ఆలోచించి సంతకం పెట్టారు. ఆవిడ పేరు ఆ కాగితంలో ఎక్కడా రాలేదు. మా ఆఫీసు నుంచి ఆవిడ పేరు లేకుండా బయటికి వెళ్ళిన మొదటి కాగితం బహుశా అదే.

నన్ను ఉద్యోగం నుంచి తీసెయ్యలేదు. మూడు నెలలు రూటు మాన్పించి భాయ్ కింద వేశారు, ఐసు డబ్బాలు మొయ్యటానికి. రోజుకి నలభై సార్లు ఆ గదిలోకి వెళ్ళి రావాలి. నలభై సార్లూ రిజిస్టరులో సంతకం పెట్టాలి. నలభయ్యోసారి కూడా భాయ్ తలెత్తి గడియారం చూసి, ఎవరు, ఎందుకు అని అడిగేవాడు. మొదటి వారం ఒళ్ళు మండింది. తరవాత అలవాటైంది. ఇప్పుడు నేను చేస్తున్న కంపెనీలో ఇదే పద్ధతికి జీరో ట్రస్ట్ అని పేరు పెట్టి, ఏసీ హాల్లో కూర్చోబెట్టి రెండు రోజులు క్లాసు చెప్పారు. ఎవరు అడిగినా ఎవరో కనుక్కో, లోపలివాడైనా కనుక్కో, అవసరమైనంతకే దారి వదులు, ప్రతిదీ రాసి పెట్టు. నేను వెనక వరసలో కూర్చుని, దీనికి మేకు, దారం ఎక్కడండీ అని అడుగుదామనుకున్నాను.

మా ఆఫీసులో కొత్త పద్ధతి మొదలైన రోజు చెప్పి ముగిస్తాను. భాయ్ ఒక్కొక్కరికీ ఒక్కో పేరు, వాళ్ళకి వాళ్ళే పెట్టుకునే పాస్‌వర్డు ఇచ్చాడు. నాకు ఆర్డర్ల దాకానే దారి. షాపుల పట్టిక చూడొచ్చు, ముట్టుకోకూడదు. కొత్త గుర్తు ఏదైనా పెట్టాలంటే ఆవిడ అడగాలి, భాయ్ ఫ్రిజ్జు చూసి ఒప్పుకోవాలి. ఓనరుగారు తన పాస్‌వర్డు మూడుసార్లు తప్పు కొట్టారు, మిషను ఆయన్ని బయటికి నెట్టేసింది. గదిలోంచే ఇంటర్‌కంలో భాయ్‌కి ఫోను చేశారు. ఎవరండీ మాట్లాడేది అన్నాడు భాయ్. ఓనరుగారు ఫోను పెట్టేసి, మెట్లు దిగి, తన మొహం తీసుకెళ్ళి చూపించి వచ్చారు.

ఒక్క విషయంలో మాత్రం ఆయన దిగిరాలేదు. హస్తవాసి హస్తవాసే. మిషన్ల స్విచ్చి ఆవిడే నొక్కాలి, తరవాత ఎవరి పాస్‌వర్డు వాళ్ళు కొట్టుకోండి అన్నారు. భాయ్ ఆలోచించి, స్విచ్చికి అభ్యంతరం లేదన్నాడు.

తొమ్మిదింటికి ఆవిడ వచ్చింది. ప్రార్థన చేసుకుని ఒకటి, రెండు ఆన్ చేసి, మెట్ల పక్కకి వచ్చింది. ఐసు డబ్బాల పని మధ్యలో నన్ను కూడా ఒకసారి తెరిచి చూసుకోమని పైకి పంపారు. ఆవిడ స్విచ్చి నొక్కింది, తెర వెలిగింది. పేరు అడిగింది. కొట్టాను. ఆ మిషను మీద నా పేరు నేను చూడటం అదే మొదలు. తరవాత పాస్‌వర్డు అడిగింది. నేను కీల మీద వేళ్ళు పెట్టేసరికి ఆవిడ అటు తిరిగి గోడకేసి చూస్తూ నుంచుంది.

అన్నేళ్ళు శనివారాలు చూసీ చూసీ ఆవిడ పాస్‌వర్డు నాకు నోటికి వచ్చు. వెనక నుంచి ముందుకి చెప్పమన్నా చెప్పగలను.

"అయిందా బ్రదర్?" అంది గోడ వైపే చూస్తూ.

"అయింది సిస్టర్" అన్నాను. అప్పుడు నాలుగో మిషను దగ్గరికి వెళ్ళింది.